క్షమించాడని తెలుసు, అయినా తలెత్తలేకపోతున్నాను

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పడి అప్పులు చేశారు. అక్క దాచుకున్న డబ్బు ఆమెకు తెలియకుండా తీశారు. మూడేళ్ల కిందట విషయం బయటపడింది. దేవుని దగ్గర ఏడ్చి ఒప్పుకున్నారు, అక్కనూ క్షమాపణ అడిగారు. ఆట మానేశారు, డబ్బు చాలావరకు తిరిగి ఇచ్చేశారు. అక్క క్షమించింది. ఆరాధనలో ఇప్పటికీ తన పక్కన మీ కోసం చోటు ఉంచుతుంది. మీరు మాత్రం చివరి వరసలో కూర్చుంటున్నారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల మొదలయ్యే వేళకు లేచి బయటికి వెళ్లిపోతున్నారు. "దేవుడు క్షమించాడని తెలుసు. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఈ సిగ్గు ఎప్పటికి పోతుంది?" అని అడిగారు.

సంఘ కాపరిగా 20 ఏళ్లకు పైగా ఇలాంటి మాటలు వింటున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు, ఇలాంటి మాటే నోటిదాకా రానివ్వకుండా లోపల దాచుకున్నవాణ్ణి. అందుకే జవాబు కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

ఇప్పటిదాకా అందరూ మీకు ఇచ్చిన వచనాలు బహుశా 1 యోహాను 1:9 (పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని), రోమా 8:1 (క్రీస్తులో ఉన్నవాళ్లకు ఇక శిక్షావిధి లేదని) అయ్యుంటాయి. అవి సత్యం, వాటి మీదే నేనూ నిలబడి ఉన్నాను. కానీ అవి ముందుగా జవాబు చెప్పేది దోషానికి. మీ దోషం సంగతి తేలిపోయింది. అది మీకూ తెలుసు కాబట్టే "క్షమించాడని తెలుసు" అని రాశారు. మిగిలింది సిగ్గు. మనం మాట్లాడే తీరులోనే చూడండి. తప్పు చేసినవాళ్లు "ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అంటారు. "తలెత్తుకోలేకపోతున్నాను" అంటారు. ఇంట్లోవాళ్లు "తలవంపులు తెచ్చావు" అంటారు. సిగ్గు కాపురం ఉండేది ముఖంలో. కేసు కొట్టేశారని కోర్టు కాగితం ఇచ్చినా, ఆ మనిషి మర్నాడు వీధిలో తల దించుకునే నడుస్తాడు. ఎదుటివాళ్ల కళ్లలో ఏముందో చూసే ధైర్యం వచ్చేవరకు ఆ తల లేవదు.

బైబిలు కూడా ఈ సంగతిని ముఖం దగ్గరే మొదలుపెడుతుంది. ఆదికాండము 2వ అధ్యాయం చివరి వచనంలో ఆదాము, హవ్వ దిగంబరులుగా ఉన్నా సిగ్గు ఎరుగరు. తర్వాతి అధ్యాయంలో ఆకులు కుట్టుకుంటారు, చెట్ల మధ్య దాక్కుంటారు. దేవుడైన యెహోవా "ఎదుటికి రాకుండ" దాగుకొన్నారని మన తెలుగు బైబిలు చెబుతుంది. హెబ్రీలో అక్కడున్న మాటకు అక్షరార్థం "ముఖం నుంచి". వాళ్లు తప్పించుకోవాలనుకున్నది ఆయన ముఖాన్నే. అప్పుడు ఆయన అడిగిన మొదటి మాట "నీవు ఎక్కడ ఉన్నావు?" ఎక్కడ ఉన్నారో తెలియక అడిగినవాడు కాదు కదా. చెట్టు చాటు నుంచి వాళ్లంతట వాళ్లు బయటికి రావడానికి ఇచ్చిన దారి అది.

ఆ అధ్యాయంలో 21వ వచనాన్ని నేను చాలా కాలం గమనించకుండా దాటేశాను. పాపానికి వచ్చే ఫలితాలన్నీ దేవుడు చెప్పేశాడు, ఏదీ దాచలేదు. వాళ్లను తోటలోంచి పంపించే ముందు మాత్రం చర్మపు చొక్కాయిలు చేసి తానే తొడిగించాడు. ఆకులు వాళ్లు కుట్టుకున్నవి, ఈ బట్టలు ఆయన ఇచ్చినవి. సొంత ఆకులు కప్పుకుని చెట్టు చాటున ఉన్నంతసేపు ఆయన బట్టలు తొడిగించుకోవడం కుదరదు. మీ చివరి వరస, బల్ల వేళకు లేచి వెళ్లడం, ఈ రెండూ నాకు ఆ ఆకుల్లాగే కనిపిస్తున్నాయి.

"నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఒక్కరి నోటా ఇదే వింటాను. మిమ్మల్ని మీరు క్షమించుకోండి అని లేఖనాల్లో ఎక్కడా ఆజ్ఞ లేదు. మీరు చేయలేకపోతున్న ఆ పని అసలు మీకు అప్పజెప్పింది కాదు. మరి మీరు చేస్తున్నదేమిటి? నా ఉద్దేశంలో మీరు వాయిదాలు కడుతున్నారు. అక్క డబ్బు కొద్దికొద్దిగా తీర్చినట్టే, దేవుని బాకీ కూడా సిగ్గుతో తీరుస్తున్నారు. ఈ ఆదివారం చివరి వరసలో కూర్చోవడం ఒక వాయిదా. బల్లకు దూరంగా ఉండడం ఇంకొకటి. ప్రార్థన చేయమని ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపడం మరొకటి. ఎన్ని కట్టినా అసలు తగ్గదు.

అప్పుల బాధ తెలిసినవారు కాబట్టి కొలొస్సయులు 2:14 మీకు నాకన్నా బాగా అర్థమవుతుంది. మనమీద ఋణముగా ఉన్న "పత్రము" అని పౌలు అక్కడ రాశాడు. గ్రీకులో ఆ మాట చేతితో రాసిచ్చిన అప్పు కాగితానికి వాడేది, మనం ప్రామిసరీ నోటు అంటామే, అలాంటిది. దాన్ని తుడిచివేసి, మేకులతో సిలువకు కొట్టి, అడ్డం లేకుండా ఎత్తివేశాడు అంటాడు. నోటు లేని అప్పుకు మీరు ఇంకా ఎవరికి వాయిదాలు కడుతున్నారు? దయచేసి ఈ ప్రశ్నను నిజంగానే వేసుకోండి. చాలామంది విషయంలో ఆ వాయిదాలు వసూలు చేసుకునేది వాళ్ల సొంత మనసే.

యేసు చెప్పిన కథలో, ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడు కూడా వాయిదాల ప్లాన్‌తోనే బయల్దేరాడు. లూకా 15లో దారి పొడుగునా చెప్పుకోవడానికి అతను సిద్ధం చేసుకున్న మాటల్లో చివరిది "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము". కూలివాడైతే పని చేసి తీర్చుకోవచ్చు, ఇంట్లో ముఖం చూపించే పని ఉండదు. తండ్రి పరుగెత్తి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాక అతను మాట్లాడిన మాటలు చూడండి. పాపం చేశానన్నాడు, కుమారుడనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కానన్నాడు. కూలివాడి మాట మాత్రం అక్కడ లేదు. తండ్రి ఆ మాట దాకా రానివ్వలేదు, ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులకు చెప్పేశాడు. ఒప్పుకోలును తండ్రి విన్నాడు. కూలి బేరాన్ని వినలేదు.

ఇక యేసు శిష్యుడు పేతురు సంగతి. సిగ్గుతో నా దగ్గరికి వచ్చినవాళ్లందరితో నేను చదివించే భాగం ఇదే. యోహాను 18:18లో ప్రధానయాజకుని ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటూ పేతురు ప్రభువును ఎరుగనన్నాడు. 21:9లో సముద్రపు ఒడ్డున యేసు నిప్పులు సిద్ధం చేసి ఉంచాడు. తెలుగులో "మంట" అనీ "నిప్పులు" అనీ వేరు వేరుగా ఉంటుంది గానీ, గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్లే వస్తుంది. ఆ వాసన, ఆ ఎర్రటి వెలుగు పేతురుకు ఏం గుర్తు చేసి ఉంటాయో ఆలోచించండి. యేసు అతన్ని పడిపోయిన చోటికే మళ్లీ తీసుకొచ్చాడు. కానీ అక్కడ ముందు మాట "రండి, భోజనము చేయుడి". ప్రశ్నలు "వారు భోజనము చేసిన తరువాత" వచ్చాయి. ముందు చోటు, ముందు రొట్టె, ఆ తర్వాతే గాయం విప్పి చూడడం. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు కూడా. "ఎందుకు బొంకావు" అని ఒక్కసారీ అడగలేదు. ప్రతి జవాబు తర్వాతా గొర్రెలను కాయమని పని అప్పగించాడు.

పేతురు బొంకిన రాత్రి ప్రభువు తిరిగి అతని వైపు చూశాడని లూకా 22:61 చెబుతుంది. ఆ చూపుకే పేతురు వెలుపలికి పోయి సంతాపపడి ఏడ్చాడు. ఏడ్చినా శిష్యులను విడిచి పోలేదు. పునరుత్థాన దినాన వాళ్లతోనే ఉన్నాడు. యేసును డబ్బుకు అప్పగించిన శిష్యుడు యూదాను చూడండి. అతనూ పశ్చాత్తాపపడ్డాడు. "నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని ఒప్పుకున్నాడు. ముప్పది వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు. ఒప్పుకోలు ఉంది, డబ్బు వాపసు కూడా ఉంది. అయితే అతను వెళ్లింది ప్రధానయాజకుల దగ్గరికి. వాళ్లు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. ఆ మాట విన్న మనిషి ఒంటరిగా వెళ్లిపోయాడు. ఈ ఇద్దరి మధ్య తేడా అంతా ఇదేనని నేను తీర్మానించి చెప్పలేను గానీ, ఇంతకాలం మనుషుల మధ్య ఉండి చూశాక ఇది చిన్న తేడాగా నాకు అనిపించదు. (ఒంటరితనంలో బతకకూడదనే ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తుంటే ఈ జవాబు పక్కన పెట్టి ఇవాళే అక్కకు చెప్పండి, డాక్టర్ని కలవండి. అది విశ్వాసం లేకపోవడం కాదు.)

నా సంగతి కూడా చెబుతాను. ముప్ఫై ఏళ్లు నిండకముందు నాకు తాగుడు ఉండేది. నాన్న ఆసుపత్రిలో ఉన్న చివరి రాత్రి నా కోసం అడిగారు. వస్తానని చెప్పి వెళ్లలేదు, తాగి పడి ఉన్నాను. తెల్లవారి వెళ్లేసరికి అయిపోయింది. ఇంట్లోవాళ్లకు బస్సు దొరకలేదని చెప్పాను. కొంతకాలానికి మారుమనస్సు పొందాను, బాప్తిస్మం తీసుకున్నాను, తాగుడు పోయింది. సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ తాగుడు గురించి చెప్పేవాణ్ణి, ఆ రాత్రి గురించి మాత్రం చెప్పలేదు. దేవుని దగ్గర ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్క లేదు. అయినా ఎవరైనా "మీ నాన్నగారు" అనగానే నా తల కిందికి పోయేది. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు, పెద్దగా మాట్లాడేవారు కాదు. ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆయన వచనం ఏదీ చెప్పలేదు. "ఇది ఇంకెవరికి తెలుసు బాబూ?" అని అడిగారు. ఎవరికీ తెలియదన్నాను. "ఇప్పుడు నాకు తెలిసింది. అయినా మనిద్దరం ఇక్కడే కూర్చుని ఉన్నాం కదా" అన్నారు. తర్వాత ప్రార్థన చేశారు. అంతే. ఆ ఆదివారం రొట్టె పళ్లెం నా చేతికి అందించింది ఆయనే. నా ముఖంలోకి చూసి అందించారు. అన్నీ తెలిసిన కళ్లు అవి, ఎప్పుడూ చూసినట్టే చూశాయి. తొమ్మిదేళ్లుగా తలలో ఉన్న కృప అనే మాట ఆ రోజు నా ఒంటికి తెలిసింది. అమ్మకు నిజం చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

యాకోబు 5:16 "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అంటుంది, "మీరు స్వస్థత పొందునట్లు" అని కూడా అంటుంది. క్షమించేవాడు దేవుడే, దానికి మధ్యలో ఇంకో మనిషి అక్కర్లేదు. కానీ ఆ క్షమాపణను ఒక మనిషి కళ్లలో చూసినప్పుడు స్వస్థత మొదలవుతుంది. మీ విషయం అక్కకు తెలుసు, నిజమే. కానీ డబ్బు ఎంత పోయిందో తెలియడం వేరు, ఆ రోజుల్లో మీరు ఎంత దూరం వెళ్లారో తెలియడం వేరు. ఆ మిగతా సగం ఇంకా దాచే ఉంచారేమో చూసుకోండి. ఉంటే ఒక్క మనిషికి చెప్పండి. విన్నదాన్ని "ప్రార్థన విన్నపం" పేరుతో నలుగురికీ చేరవేసేవారి దగ్గరికి వెళ్లకండి. గట్టిగా గద్దించేవారు, "అయ్యో, అదేం పెద్ద విషయం" అని తేల్చేసేవారు కూడా ఈ పనికి పనికిరారు. తన సొంత పాపం గురించి ఎప్పుడైనా నిజాయితీగా మాట్లాడిన మనిషిని వెతకండి. సాక్ష్యంగా స్టేజీ మీద చెప్పేయమని ఎవరైనా తొందరపెడితే ఇప్పుడు వద్దనండి. మానని పుండును జనం ముందు విప్పమని ప్రభువు ఎవరినీ బలవంతం చేయలేదు.

రక్తస్రావంగల స్త్రీని జనం ముందు మాట్లాడించాడు కదా అనవచ్చు. నిజమే. అయితే ఆమె అప్పటికే బాగుపడింది. లేవీయకాండము 15 ప్రకారం పన్నెండేళ్లు అపవిత్రురాలిగా బతికింది, అందుకే వెనకనుంచి వచ్చి వస్త్రపు చెంగు ముట్టింది. అలాగే తిరిగి వెళ్లిపోతే జబ్బు పోయేది గానీ ఆ చాటు బతుకు పోయేది కాదు. ఆయన ఆగి, అందరి ముందూ "కుమారీ" అన్నాడు. సువార్తల్లో ఆయన ఇలా ఎదురుగా ఉన్న ఒక స్త్రీని కుమారీ అని పిలిచింది ఈమెనే.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట. మీ సిగ్గు మీరు చేసినదాని వల్ల కాక, మీకు ఎవరో చేసినదాని వల్ల వచ్చిందైతే, దయచేసి దాని కోసం పశ్చాత్తాపపడకండి. 2 సమూయేలు 13లో సవతి అన్న అమ్నోను బలాత్కరించబోయినప్పుడు తామారు తన అవమానాన్ని ఎక్కడ దాచుకోవాలని అడిగింది. పాపం అమ్నోనుది, బూడిద మాత్రం ఆమె తలమీద. ఆమె సొంత అన్న అబ్షాలోము ఊరకుండమన్నాడు. అలా ఊరకుండమన్నవాళ్లు మీ చుట్టూ కూడా ఉండి ఉండవచ్చు. మీకు కావలసింది క్షమాపణ కాదు. మీ మాట నమ్మి, మీ పక్కన నిలబడి, న్యాయం జరిగేలా చూసే మనుషులు కావాలి. సిలువ మీద బట్టలు కూడా లేకుండా, చూసేవాళ్ల ఎగతాళి మధ్య వేలాడిన ప్రభువు ఆ వైపు నుంచి కూడా సిగ్గును ఎరిగినవాడు. హెబ్రీయులు 12:2 ఆయన ఆ అవమానాన్ని "నిర్లక్ష్యపెట్టి" అంటుంది. అవమానం చెప్పే మాటకు విలువ ఇవ్వలేదన్నమాట.

మళ్లీ మీ విషయానికి. ప్రభువు బల్ల గురించి గట్టిగానే చెబుతాను. "అయోగ్యముగా" తీసుకోకూడదనే మాట చూసి మీరు బయటికి వెళ్తున్నారని నా అనుమానం. 1 కొరింథీయులు 11 మొత్తం చదవండి. అక్కడ జరిగిన తప్పు ఏమిటంటే, కలిగినవాళ్లు ముందే తిని తాగి, లేనివాళ్లను ఆకలితో వదిలేశారు. "పేదలను సిగ్గుపరచుదురా?" అని పౌలు నిలదీశాడు. ఆ హెచ్చరిక బల్ల దగ్గర ఇతరులను సిగ్గుపరిచినవాళ్లకు. దాన్నే పట్టుకుని సిగ్గుపడుతున్న మనిషి బల్లకు దూరమైతే పౌలు బాధపడతాడు. 28వ వచనం కూడా చూడండి. తన్ను తాను పరీక్షించుకోవాలి, "ఆలాగుచేసి" తినాలి, త్రాగాలి అంటుంది. పరీక్షించుకుని లేచి వెళ్లమనలేదు. మీరు పాపాన్ని పట్టుకుని వదలని మనిషి కాదు, ఒప్పుకుని మూడేళ్లుగా విడిచి నడుస్తున్న మనిషి. ఆ రొట్టె మీలాంటివాళ్ల కోసమే విరిచింది.

సిగ్గు పోతే మళ్లీ ఆటలోకి జారిపోతానేమో అనే భయం మీకు ఉండవచ్చు. చాలామందికి ఉంటుంది, సిగ్గే తమను కాపలా కాస్తోందని అనుకుంటారు. నేను చూసినంతలో జరిగేది తిరగబడి ఉంటుంది. సిగ్గు మనిషిని ఒంటరిని చేస్తుంది. ఒంటరితనంలో టెన్షన్ పెరుగుతుంది, ఆ టెన్షన్ తట్టుకోలేక చేయి మళ్లీ ఫోన్ మీదికి పోతుంది. పాపాన్ని విసర్జించమని మనకు బోధించేది దేవుని కృప అని తీతు 2:11, 12 చెబుతాయి. కాబట్టి కృపతో పాటు కాపలా కూడా పెట్టుకోండి. బెట్టింగ్ యాప్‌లు ఫోన్‌లో లేకుండా చూసుకోండి, ప్రతి నెలా మీ బ్యాంకు ఖాతా నమ్మకమైన ఒకరికి చూపించండి. మళ్లీ ఆడాలనిపించిన రోజు ఆడకముందే ఆ మనిషికి ఫోన్ చేయండి. జనం దగ్గర అన్యాయంగా డబ్బు తీసుకున్న సుంకరి జక్కయ్య కూడా నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు గానీ, యేసు అతని ఇంట ఉంటానన్నది అంతకుముందే. అక్కకు ఇవ్వాల్సిన మిగతా డబ్బు అలాగే ఇచ్చేయండి, చేర్చుకోబడినవాళ్లు ఇచ్చినట్టు.

అక్క ఇంకా తన డబ్బు విషయాల్లో మిమ్మల్ని కలపకపోతే దాన్ని క్షమించకపోవడంగా తీసుకోకండి. క్షమాపణ ఒక్కరోజులో ఇవ్వవచ్చు, నమ్మకం నెమ్మదిగా పెరుగుతుంది. ఆమె జాగ్రత్త ఆమె హక్కు.

రాత్రిపూట జ్ఞాపకాలు వస్తాయి, ఇంకా కొంతకాలం వస్తాయి. అప్పుడు మనసుతో వాదించకండి, గెలవలేరు. మనసు దోషారోపణ చేసినా దేవుడు దానికంటె అధికుడని 1 యోహాను 3:20 అంటుంది. నేను ఆ వేళల్లో కీర్తన 34:5 పైకి చదివేవాణ్ణి, ఆయన తట్టు చూసినవారి ముఖాలు ఎన్నడూ లజ్జింపవు అని. ఆరాధన ముగింపులో వినిపించే ఆశీర్వాదాన్ని కూడా ఈసారి జాగ్రత్తగా వినండి. "యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి" అనే చోట హెబ్రీలో ఉన్న మాట "ముఖం". ఆదాము దాక్కున్నది ఏ ముఖం నుంచో ఆ ముఖమే మీ మీద ప్రకాశించాలని మూడేళ్లుగా మిమ్మల్ని దీవిస్తున్నారు.

వచ్చే ఆదివారం కొంచెం ముందుగా వెళ్లండి. అక్క పక్కన ఆ చోటు ఉంటుంది కదా, అక్కడ కూర్చోండి. పళ్లెం వచ్చినప్పుడు ఆమె చేతి నుంచే అందుకోండి. ఏమైందో వీలైతే రాయండి, మీ కోసం ప్రార్థిస్తుంటాను.